ఉడకని కందిపప్పు

వ్యాను ఇంజను ఆపవద్దని డ్రైవరుకు చెప్పి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పరాంకుశం కిందికి దిగాడు. తంగెళ్లపాడు చర్చి గేటుకు అడ్డంగా శేషారత్నం నిలబడి ఉంది. ఆమె పక్కకు జరిగితే గాని వ్యాను కదలదు.

వెనక సీట్లో బేడీలతో తాపీమేస్త్రీ మౌలాలీ కూర్చున్నాడు. అతని భార్య చాంద్ బీ వ్యాను తలుపు పట్టుకుని వదలడం లేదు. నిన్న, ఈస్టరు ఆదివారం తెల్లవారుజామున, చర్చిలో పాదిరిగారు అంగీ మార్చుకునే వెస్ట్రీ గది గోడ కూలింది. పండుగ గంట కొట్టడానికి వచ్చిన కాపలాదారు చిన్నకోటయ్య దానికింద పడి చనిపోయాడు. రెండు నెలల కిందట ఆ గోడకు మరమ్మతు చేసింది మౌలాలీ. సున్నంలో మట్టి కలిపాడనీ, గోడ అందుకే నిలవలేదనీ పోలీసులు కేసు రాశారు. ఈ సాయంత్రం అతన్ని రైలెక్కించి గుంటూరు జైలుకు పంపుతారు. ఒకసారి జైలు గేటు దాటితే ఆ పేదవాణ్ణి బయటికి తేవడం ఎవరి తరమూ కాదు. చాంద్ బీ నిన్న మిట్టమధ్యాహ్నం నరసరావుపేట వచ్చి శేషారత్నం అరుగు మీద కూలబడింది. అలా ఈ కేసు ఆమె చేతికొచ్చింది.

శేషారత్నానికి నలభై ఏళ్లుండవు. ముతక చీర, భుజాన గుడ్డసంచి. ఓడిపోయేటట్టున్న కేసులను నరసరావుపేట వకీళ్లు ఆమెకు చెప్పుకునేవాళ్లు; ఆమె వెళ్లి నిజం వెతికి తెచ్చేది. వాటిలో రెండు పరాంకుశం పెట్టిన కేసులే. రెండూ కోర్టులో కొట్టేశారు. అతను నెల్లూరు మనిషి, తెలివైనవాడు. ఆ రెండు కేసుల సంగతి మరిచిపోయినట్టు నటించేవాడు గాని మరిచిపోలేదు.

"గోడ కూలింది. మనిషి పోయాడు. గోడ కట్టినవాడు దొరికాడు," అన్నాడు పరాంకుశం. "ఇందులో మీరు వెతకడానికి ఏం మిగిలిందండీ శేషారత్నంగారూ?"

"గోడ కూలిందా, కూల్చారా అన్నది మిగిలింది."

అతను నవ్వి, కూల్చడం ఎందుకు కుదరదో వేళ్లు మడుస్తూ చెప్పాడు. చిన్నకోటయ్య ఇల్లు చర్చి గోడను ఆనుకునే ఉంది. అతని భార్య గ్రేసమ్మకు ఆ రాత్రి సమ్మెట దెబ్బ ఒక్కటి కూడా వినపడలేదు. పక్కనున్న నాపరాయి క్వారీలో పండుగ కారణంగా రెండు రోజులుగా మందు పేల్చలేదు. చప్పుడు లేకుండా మూడడుగుల మందం రాతిగోడను ఎవరు పడగొట్టగలరు? ముసలి కట్టడం, దొంగ సున్నం. అంతే. ఓవర్సీరు కూడా అదే రాశాడు. మిగిలిన చర్చిని రేపు పొద్దున్నే పడగొడతారు.

శేషారత్నం అన్నీ విన్నది. చిన్నకోటయ్య శవం పరీక్ష అయి గురజాల నుంచి బండిలో వస్తోందనీ, భూస్థాపన అయ్యేదాకా బందోబస్తుకు ఇన్‌స్పెక్టరు ఎలాగూ ఇక్కడే ఉండాలనీ గుర్తుచేసి, అప్పటిదాకా గడువు అడిగింది.

"మట్టి ఇచ్చి జనం బయటికి రాగానే వ్యాను కదులుతుంది," అన్నాడతను. "అప్పుడు మీరు గేటులో పడుకున్నా సరే."

* * *

వెస్ట్రీ గోడ సగం కూలి, కొరికిన రొట్టెలాగా కనపడుతోంది. బయట ఒక వరస రాయి, లోపల ఒక వరస రాయి, మధ్యలో కంకర కలిపిన సున్నం. శేషారత్నం చెంగు బొడ్లో దోపి రాళ్లమీదికెక్కింది. ముసలి పాదిరిగారు కింద నిలబడి, పడిపోతావమ్మా అంటూనే చర్చి సంగతులు చెబుతున్నాడు. చర్చిని కూడా శవాన్ని చూసినట్టే చూస్తున్నాడు.

ధాత కరువులో తెల్లదొరలు ఇక్కడ గంజి పోశారట. ఊరికే పోస్తే తాగం, పని ఇవ్వండి అన్నారట జనం. అప్పుడు ఈ గుడి మొదలుపెట్టారు. పటం ఇంగ్లండు నుంచి వచ్చింది. ఆ పటంలో కప్పుకు పెద్ద పెద్ద దూలాలున్నాయి. పల్నాటిలో అంత కర్ర ఎక్కడిది? ఉన్నది నాపరాయి ఒక్కటే. అందుకని గోడ నుంచి గోడకు రాతి కమానులు తిప్పి, వాటి మీద నాపబండలు పరిచారు. కప్పులో మచ్చుకు ఒక్క కర్రముక్క లేదు. ఆ కమానులు తిప్పిన మేస్త్రీ మౌలాలీ తాత.

"వచ్చే సెప్టెంబరులో మిషన్లన్నీ కలిసి ఒక్క సంఘమవుతున్నాయి," అన్నాడు పాదిరిగారు. "ఏ గుడి ఉంచాలి, ఏది అమ్మాలి అని కమిటీ వేశారు. పోయిన నెలలో వాళ్లొచ్చి చూశారు. దూలం లేని ఇట్టాంటి కప్పు ఇంకెక్కడా చూడలేదు, దీన్ని ముట్టుకోవద్దు అన్నారు. ఇప్పుడేమో ఓవర్సీరు కాగితం చూసి పడగొట్టెయ్యమని తంతి కొట్టారు."

శేషారత్నం మౌలాలీ మరమ్మతు చేసిన చోటు వెతికింది. పైన, కిటికీ పక్కన. సున్నాన్ని గోటితో గీకితే రాలలేదు. గులకరాయితో కొడితే రాయి మోగినట్టు మోగింది. గోడ విరిగింది అక్కడ కాదు, దానికి మూడడుగుల కింద, డెబ్భై ఏళ్లనాటి పాతకట్టులో. ఆమె ఆ చీలికలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. లోపల చల్లగా తగిలింది. చెయ్యి బయటికి తీసి చూస్తే సున్నం తడిగా అంటుకుని ఉంది.

చైత్రమాసం. ఈ ఊళ్లో వాన పడి ఎన్నో నెలలైంది.

ఆమె మళ్లీ చెయ్యి పెట్టి ఈసారి ఒక కర్రముక్క లాగింది. తుమ్మకర్ర, అరచేతి పొడుగు. ఒక కొస పలచగా చెక్కి ఉంది, రెండో కొస దెబ్బలు తిని చీపురులా విచ్చుకుంది. పిండితే నీళ్లు వచ్చేటట్టు నాని ఉంది.

పరాంకుశం దాన్ని చూసి, మరమ్మతులప్పుడు కట్టిన మంచెది అయి ఉంటుందన్నాడు.

"రెండు నెలల కిందటి మంచెకర్ర ఇవాళ్టికి తడిగా ఉంటుందా?" అంది శేషారత్నం. "మీరు పల్నాటికి కొత్త. మందు రాకముందు ఇక్కడ బండలు ఎట్లా చీల్చేవాళ్లో అడగండి, ఎవరైనా చెబుతారు. ఎండిన కర్ర చీలను బీటలో దిగ్గొట్టి నీళ్లు పోస్తారు. కర్ర నాని ఉబ్బుతుంది. తెల్లారేసరికి బండ దానంతటదే పగులుతుంది. చప్పుడుండదు."

పరాంకుశం కర్రను చేతిలోకి తీసుకున్నాడు. కర్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత అతను అడిగిన ప్రశ్న మంచిదేనని శేషారత్నం కూడా లోపల ఒప్పుకుంది.

"నీళ్లెక్కడివి? ఈ గోడ పొట్టలో ఉన్నది ఎండు సున్నం. పోసింది పోసినట్టు తాగేస్తుంది. బోలెడు నీళ్లు కావాలి. ఊరంతటికీ ఉన్నది ఒక్క మంచినీళ్ల బావి. పొద్దుగూకులూ అక్కడ ఆడవాళ్లు వరస కట్టి ఉంటారు. ఎవడైనా అన్ని నీళ్లు తోడితే ఊరుకుంటారా? నీళ్లు చూపించండి, బేడీలు నేనే విప్పుతాను."

* * *

చర్చి వాకిలి ముందు చెప్పులు విడిచి శేషారత్నం లోపలికి వెళ్లింది. గ్రేసమ్మ నేల ఊడుస్తోంది. మొగుడి శవం ఇంకా ఊరికి రాలేదు. ఇంటి దగ్గర ఏడ్చేవాళ్ల మధ్య కూర్చోలేక ఇక్కడికి వచ్చిందట. గోడల పొడుగునా ఈస్టరు తోరణాలు ఇంకా ఉన్నాయి. మామిడాకులూ ఈతమట్టలూ వాడిపోయి వేలాడుతున్నాయి.

తలుపుకు ఎడంపక్క ఒకే రాతిలో తొలిచిన పెద్ద తొట్టి ఉంది. బాప్తిస్మమిచ్చే తొట్టి. నిండా నీళ్లు. శేషారత్నం దాని దగ్గర ఆగిపోయింది.

అవి ఎక్కడి నీళ్లని అడిగితే గ్రేసమ్మ చీపురు ఆపకుండా చెప్పింది. ఈస్టరు ముందు శనివారం ఇంటికొక బిందె తెచ్చి తొట్టి నింపడం ఆ ఊరి ఆనవాయితీ. కరువులో గుడి కట్టినప్పుడు మొదటి బాప్తిస్మానికి నీళ్లు లేకపోతే, ఎవరి తాగే నీళ్లు వాళ్లు తెచ్చి పోశారట. అప్పటినుంచీ ఎంత ఎద్దడి అయినా బిందె తప్పలేదు. నిన్న ఏడుగురు పసిబిడ్డలకు బాప్తిస్మం కావలసింది. చావు మూలాన ఆగిపోయింది. ఆ నీళ్లు ఎవరూ ముట్టుకోలేదు.

వెనకే వచ్చిన పరాంకుశం తొట్టిలోకి తొంగిచూశాడు. "నిండుగానే ఉందిగా," అన్నాడు. అతని గొంతులో కొంచెం సంతోషం ఉంది.

శేషారత్నం వంగి చూసింది. నీళ్లపైన సన్నని తెల్లటి పొర తేలుతోంది. వేలితో కదిపితే ముక్కలై మళ్లీ చేరింది. తొట్టి అంచున, నీళ్లు కాస్త ఆవిరై దిగినచోట, సున్నంతో గీసినట్టు తెల్లచార కట్టింది. దోసిట్లో తీసుకుని వేళ్లు రుద్దుకుంది. వేళ్లు జారలేదు, గరుకుగా పట్టాయి.

"మీ మంచినీళ్ల బావి నీళ్లకు ఇట్లా పొర కడుతుందా గ్రేసమ్మా?"

గ్రేసమ్మ వచ్చి చూసింది. రెండు రోజులుగా ఏడ్చిన కళ్లతో కాసేపు అలాగే చూసి, కట్టదని తల అడ్డంగా ఊపింది.

"మీ ఇంట్లో కందిపప్పు ఉందా?" అని అడిగింది శేషారత్నం.

* * *

చర్చి ఆవరణలో, గేటు ఎదురుగా, మూడు పొయ్యిలు వెలిగాయి. మూడు చట్టులు, మూడింటిలో ఒకే కొలత కందిపప్పు. ఒకదాంట్లో మంచినీళ్ల బావి నీళ్లు, ఒకదాంట్లో తొట్టి నీళ్లు, మూడోదాంట్లో క్వారీ గుంటలో నీళ్లు. చాంద్ బీ వ్యాను తలుపు వదిలి వచ్చి మంట ఎగదోస్తోంది. ఏం జరుగుతోందో ఆమె ఒక్కమాట అడగలేదు. చూస్తూనే తెలుసుకుంది. వ్యానులోంచి మౌలాలీ మెడ సాచి చూస్తున్నాడు.

పరాంకుశం టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "మనిషి చచ్చిన కేసులో వంట మొదలుపెట్టింది మీరొక్కరే. ఈ పప్పు జడ్జిగారికి వడ్డిస్తారా?"

"జడ్జిగారి భార్యకు వడ్డిస్తే చాలు. ఆయనకు ఆవిడే చెబుతుంది."

పప్పు ఉడికే లోపల శేషారత్నం జక్కరయ్యను కలవాలంది. జక్కరయ్య సంఘానికి పెద్ద. చర్చిని ఆనుకుని ఉన్న క్వారీ కూడా ఆయనదే. చర్చి తాళంచెవులు రెండు. ఒకటి చిన్నకోటయ్య మొలతాడుకు ఉండేది, రెండోది జక్కరయ్య దగ్గర. ఆయన ఆవరణలో నిలబడి, శవపేటికను లోపలికి తీసుకుపోవద్దు, ప్రార్థన బయటే చేద్దామని పాదిరిగారితో వాదిస్తున్నాడు. డెబ్భై ఏళ్లుగా ఏ పెట్టే లోపల ప్రార్థన బల్ల ముందుకు వెళ్లకుండా మట్టికి పోలేదనీ, చిన్నకోటయ్యది పోనివ్వననీ పాదిరిగారు తెగేసి చెప్పి వెళ్లిపోయాడు.

జక్కరయ్య తెల్లటి ఖద్దరు చొక్కా వేసుకున్నాడు. మాట నెమ్మది. అడిగినవాటికి అడిగినంతే చెప్పాడు. శనివారం మధ్యాహ్నం నుంచి పొద్దువాలేదాకా తోరణాలు కడుతూ చర్చిలోనే ఉన్నాడు, ఒక్కడే. ఆడవాళ్లు బిందెలతో వచ్చి తొట్టి నింపి వెళ్లాక తలుపులు వేసుకుని పని చేసుకున్నాడు. తర్వాత తాళం వేసి ఇంటికి పోయాడు. సమ్మెట చప్పుడు ఏమన్నా అయిందా అంటే, తోరణాలకు మేకులు కొట్టాలిగా అన్నాడు. గ్రేసమ్మ కూడా ఇందాక శేషారత్నానికి ఇదే చెప్పింది. శనివారం పొద్దువాలేదాకా మేకులు కొట్టిన చప్పుడు విన్నదట. రాత్రి మాత్రం ఏదీ వినలేదట. పరాంకుశం రాత్రి చప్పుడు గురించి అడిగాడు గాని పగటి చప్పుడు గురించి అడగలేదు.

"చర్చి స్థలం మీరు కొనాలనుకున్నారట," అంది శేషారత్నం.

"అడిగాను. దాచేదేముంది? దాని కింద ఉన్నంత మంచి రాయి నా క్వారీలో ఎక్కడా లేదు. నా వైపు మంచి రాతిపొర అయిపోయింది. ఇయ్యకపోతే క్వారీ మూసుకోవాలి, నాలుగొందల మంది కూలీలు పొట్ట చేత్తో పట్టుకుని పోవాలి. అయినా ఏముందమ్మా ఈ గుడిలో? చీకటి కొట్టం. దీన్ని తీసేసి ఊరవతల రేకులతో కొత్తది కట్టిస్తానన్నాను, గాలీ వెలుతురూ వచ్చేటట్టు. పాతదంటే చానా మోజు మన పాదిరిగారికి."

"కమిటీ వాళ్లు దీన్ని ముట్టుకోవద్దన్నారుగా."

"వాళ్లకేం. చూసిపోయేవాళ్లు."

మాట్లాడుతూ మాట్లాడుతూ అతను పొయ్యిల వైపు చూశాడు. మూడు చట్టులెందుకని అడిగాడు. గ్రేసమ్మ నిన్నటినుంచీ మెతుకు ముట్టలేదని శేషారత్నం చెప్పింది. పాపం అని తల ఊపి అతను వాకిలి వైపు నడిచాడు. చట్టుల్లోకి తొంగిచూసినా అతనికి ఏమీ తోచలేదు. నీళ్లంటే అతనికి నీళ్లే. బిందె ఎత్తినవాడూ కాదు, పొయ్యి ముందు కూర్చున్నవాడూ కాదు.

శవం బండి వచ్చింది. ఊరు ఊరంతా దానివెంట వచ్చింది. పెట్టె లోపలికి తీసుకుపోయారు. ఆడవాళ్లు కొందరు పొయ్యిల దగ్గర ఆగి, చావింట ఈ వంటేందని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు శేషారత్నం మొదటి చట్టిలో గరిటె పెట్టి తిప్పింది. పప్పు వెన్నలాగా కలిసిపోయింది. రెండో చట్టిలో, తొట్టి నీళ్లలో, గింజ గింజగా ఉంది. రెండు వేళ్లతో నొక్కితే పలుకుగా తగిలింది గాని మెదగలేదు. మూడో చట్టిలో, క్వారీ నీళ్లలో కూడా అంతే.

ఆమె ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేకపోయింది. ముందున్న ముసలామె రెండో చట్టిలో గింజ తీసి కొరికి ఉమ్మేసింది.

"ఇయ్యి క్వారీ గుంట నీళ్లే," అంది. "ఎక్కడియ్యి?"

"మీ బాప్తిస్మపు తొట్టిలోవి," అంది శేషారత్నం.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. నా చేతుల్తో పోశాను అని ఒకరు, పిల్లకు పట్టకుండా తెచ్చి పోశాను అని ఇంకొకరు. తమ బిందెల నీళ్లు తీసి, ఎవరో తొట్టి నిండా క్వారీ నీళ్లు పోశారని వాళ్లకు అర్థమవుతోంది. గ్రేసమ్మ మాత్రం అరవలేదు. "మా ఆయన గంట కొట్టడానికి పొయ్యేటప్పుడు తొట్టి చూసి పోతాడు. ఎప్పుడూ అంతే," అంది మెల్లగా.

శేషారత్నం పరాంకుశం వైపు తిరిగి చెప్పింది. శనివారం తలుపులు మూసుకుని ఒకడు తోరణాల మేకులతో పాటు కర్ర చీలలు కూడా గోడ కీళ్లలో దిగ్గొట్టాడు. పక్కనే తొట్టి నిండా నీళ్లున్నాయి, బయటినుంచి మోసుకొచ్చే పని లేదు. వాటినే పోశాడు. ఎండు సున్నం తాగుతూనే ఉంది, అతను పోస్తూనే ఉన్నాడు. చివరికి చూస్తే తొట్టి ఖాళీ. పొద్దున బాప్తిస్మానికి నీళ్లు లేకపోతే ఊరంతా నిలేస్తుంది. అందుకని చీకటితో క్వారీ గుంట నుంచి తెచ్చి నింపాడు.

పరాంకుశం ఆమెను ఆపలేదు. వెక్కిరించలేదు కూడా. అతను తొట్టిని తలుచుకుంటున్నాడు.

"శేషారత్నంగారూ," అన్నాడు. "ఆ తొట్టిలో పట్టేది ఊరంతటి బిందెలు. వెస్ట్రీ గోడలో తడిసింది జానెడు చోటు. మిగిలిన నీళ్లన్నీ ఎక్కడ పోశాడు?"

ఆమె గరిటె కింద పడేసింది. చర్చిలో పాట మొదలైంది. లోపల మూడువందల మంది ఉన్నారు.

ఇద్దరూ పరుగెత్తారు.

* * *

పరాంకుశం బూట్లతోనే లోపలికి వచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. నేలమీద ఉత్తరం పక్క మగవాళ్లు, దక్షిణం పక్క ఆడవాళ్లు. బల్ల ముందు పెట్టె. శేషారత్నం ఉత్తరం గోడ వెంట చెయ్యి ఆనించుకుంటూ నడిచింది. రాయి వెచ్చగా, పొడిగా ఉంది. పాట పాడుతున్నవాళ్ల మధ్యనుంచి దాటుకుంటూ దక్షిణం గోడ దగ్గరికి వెళ్లింది. తోరణాలు అక్కడ మామూలుగా పైన లేవు. నడుమెత్తున, గోడ పొడుగునా, దట్టంగా కట్టి ఉన్నాయి. ఈతమట్టల కింద చెయ్యి దూర్చింది. చల్లగా తగిలింది.

చెవి ఆనించింది. లోపలెక్కడో ఎండుపుల్ల విరిచినట్టు చిన్న చప్పుడు. కాసేపాగి మళ్లీ ఒకటి.

కప్పు బరువంతా కమానుల మీద ఉంది. కమానుల తోపుడంతా ఈ రెండు గోడల మీద ఉంది. ఈ గోడ విచ్చుకుంటే బండలు ఒక్కొక్కటిగా పడవు. అన్నీ కలిసి పడతాయి.

అరిస్తే తొక్కిసలాట అవుతుంది. ఆమె నోరు తెరవకుండా ఆడవాళ్ల వరసలు చూసింది. మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చున్నారు, పసిపిల్లల్ని ఒళ్లో వేసుకుని. గోడవారగా మాత్రం ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంది. అంత ఇరుకులో కూడా ఎవరూ అటు జరగలేదు.

పక్కనున్నామెను ఇక్కడెవరూ ఎందుకు కూర్చోలేదని గుసగుసగా అడిగింది.

"రాజమ్మక్క జాగా," అందామె. "వాళ్ల అత్త జాగా, ఆమె అత్తది. గుడి కట్టినకాడి నించీ ఎవురి జాగా వాళ్లదే. మేమెట్టా కూచుంటాం?"

"రాజమ్మ రాలేదా?"

ఆమె తల తిప్పి తలుపు వైపు చూపించింది. తలుపు పక్కన, చెప్పులు విడిచే చోట, జక్కరయ్య భార్య రాజమ్మ ఒక్కతే ముడుచుకుని కూర్చుని ఉంది. శేషారత్నం వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. తన చోటు వదిలి ఇక్కడెందుకు కూర్చుందని అడిగింది.

"నాకూ సిగ్గుగానే ఉందమ్మా," అంది రాజమ్మ. "ఇయ్యాల తలుపుకాడ కూచో, ఆ గోడవారకు పోబాక అని మా ఆయన ఒట్టు పెట్టిచ్చుకున్నాడు. ఎందుకంటే చెప్పలా."

ఆ మాట పరాంకుశం కూడా విన్నాడు. అతను బల్ల దగ్గరికి నడిచి పాదిరిగారి చెవిలో ఏదో చెప్పాడు. పాదిరిగారు పాట ఆపలేదు. పాడుతూనే పెట్టె ఎత్తమని సైగ చేశాడు. పెట్టె కదిలితే జనం లేవాలి. లేచారు. పెట్టె వెంట మగవాళ్లు, వాళ్ల వెంట ఆడవాళ్లు, పిల్లలు, పాట పాడుతూ ఎవరూ ఎవర్నీ తోసుకోకుండా ఎండలోకి వచ్చారు. ఆఖరి ముసలామెను శేషారత్నం చెయ్యిపట్టి గడప దాటించింది. ఆమె వెనక కప్పులోంచి పిడికెడు సున్నం రాలింది.

జక్కరయ్య ఆవరణలోనే ఉన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు అతనికి రెండు పక్కలా నిలబడ్డారు. నాకేమీ తెలియదు అన్నది తప్ప అతను వేరే మాట అనడం లేదు. భార్యకు గాలి ఆడదని తలుపు దగ్గర కూర్చోమన్నాను, అది నేరమా అన్నాడు.

పరాంకుశం వ్యాను దగ్గరికి వెళ్లి మౌలాలీ బేడీలు తనే విప్పాడు. మౌలాలీ చేతులు రుద్దుకోను కూడా ఆగకుండా చర్చిలోకి వెళ్లి గోడ చూసి వచ్చాడు.

"దుంగలు ఆనిచ్చి నిలబెట్టొచ్చయ్యా. చీలలు ఒక్కోటి ఉలితో చీల్చి తియ్యాల. కానీ ఎన్ని కొట్టాడో, ఎక్కడెక్కడో తెలవాల. పైన సున్నం మెత్తాడు, కనపడ్డం లేదు. ఒకటి మిగిలిపోయినా చాలు. ఒకపక్క నేను వదులు చేస్తుంటే ఇంకోపక్క అది తోస్తది. కప్పు నా మీదికే."

పరాంకుశం ఎన్ని ప్రశ్నలు వేసినా జక్కరయ్య నోరు విప్పలేదు. శేషారత్నానికి అతని లెక్క తెలుస్తూనే ఉంది. చీలలు ఎక్కడున్నాయో చెబితే చిన్నకోటయ్య చావు ఒప్పుకున్నట్టే. చెప్పకుండా ఇంకాసేపు నిలబడితే గోడ కూలుతుంది. గోడతోపాటు సాక్ష్యం పోతుంది. మౌలాలీ చేతులకు మళ్లీ బేడీలు పడతాయి, పాత సున్నం కేసే మిగులుతుంది.

లోపల మళ్లీ ఆ పుల్ల విరిగిన చప్పుడు. ఈసారి బయటికే వినపడింది.

గుంపులోంచి రాజమ్మ ముందుకు వచ్చింది. అప్పటిదాకా ఆమెను ఎవరూ చూడలేదు. మొగుడి మొహంలోకి కాసేపు చూసింది, ఏదో వెతుకుతున్నట్టు. తర్వాత గ్రేసమ్మను చూసింది. చెంగు తలమీదికి లాక్కుని తిన్నగా చర్చి మెట్లెక్కింది. కానిస్టేబులు ఒకడు పట్టుకోబోతే, విదిలించుకుని లోపలికి పోయింది.

శేషారత్నం గడప దగ్గరికి పరుగెత్తింది. ఖాళీ చర్చిలో రాజమ్మ దక్షిణం గోడవారకు నడిచి, తన అత్త కూర్చున్న చోట, గోడకు వీపు ఆనించి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పైనుంచి సున్నం ఆమె ముసుగు మీద రాలుతోంది. దులుపుకోలేదు.

"ఏమే, లెయ్యి," అన్నాడు జక్కరయ్య గడప అవతల నుంచి. "రాజమ్మా. లేచి రా."

"ఇది నా జాగా," అంది రాజమ్మ. "మందినందర్నీ ఈడ కూచోనిచ్చి, నన్ను మాత్రం తలుపుకాడ కూచోబెట్టావు. ఎక్కడెక్కడ కొట్టావో చెప్పు. చెప్పిందాకా నేను లెవ్వను."

కానిస్టేబుళ్లను తోసుకుని అతను గడప దాకా వచ్చాడు. లోపలికి అడుగు పెట్టలేకపోయాడు. కమాను మొదట్లో వెంట్రుకంత గీత ఒకటి, అందరూ చూస్తుండగా, కింది నుంచి పైకి పాకింది.

"ఐదు," అన్నాడు జక్కరయ్య. "కిటికీకి అటొకటి ఇటొకటి. మూలన కమాను కింద రెండు. తెల్లారగట్ల తొట్టిలో నీళ్లు తెచ్చిపోస్తుంటే కోటయ్య చూసి వెస్ట్రీ దాకా నా ఎంటబడ్డాడు. అప్పుడే ఆ గోడ పడింది. నేను తొయ్యలేదు, దేవుడి తోడు, నేను తొయ్యలేదు."

"నాలుగే చెప్పావు," అంది శేషారత్నం. "ఐదోది?"

అతను చెయ్యెత్తాడు. భార్య వైపు చూపించాడు.

"దాని వీపు వెనక."